వాయవ్యపు గాలి, ట్రాంపొలీన్ మీద వడియాలు

ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా నేను ఓడిపోయిన వాదమంటూ లేదు. ఆ రోజుల్లో అలాగే నమ్మేవాణ్ణి. ఇప్పుడు తీరిగ్గా వెనక్కి తిరిగి చూస్తే, నాతో వాదానికి దిగినవాళ్ళలో సగం మంది బస్సు వచ్చిందని వెళ్ళిపోయారు, మిగిలిన సగం అన్నం చల్లారిపోతోందని లేచిపోయారు. చివరిదాకా నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి గెలుపు నాదేనని తీర్మానించుకున్నాను. ఈ రోజు చెప్పబోయేది నేను నిజంగా, నలుగురి ముందూ ఓడిపోయిన మొదటి వాదం గురించి. ఓటమి కథ ఇంత గర్వంగా చెప్తున్నాడేమిటని మీకనిపిస్తే, చివరిదాకా చదివి అప్పుడు నిలదీయండి. నేనెక్కడికీ పోను.

మా ఊళ్ళో ప్రతి ఆదివారం గ్రంథాలయం వెనక హాల్లో చర్చావేదిక జరిగేది. దాన్ని నడిపిన రిటైర్డు లెక్కల మాస్టారిని మేమందరం ‘ఆధారం మాస్టారు’ అనేవాళ్ళం. ఆయన ముందు ఎవరు ఏది చెప్పినా మొదట వచ్చే ప్రశ్న ‘ఆధారం ఏది?’ అనే. (ఆయనకు నమస్కారం పెట్టాలన్నా భయంగా ఉండేది, గౌరవం ఉందనడానికి ఆధారం అడుగుతారేమోనని.) ముహూర్తాలు, దిష్టి తియ్యడం, బాణామతి, కులం, పెళ్ళిఖర్చు, అన్నీ ఆ హాల్లో చీల్చి చెండాడాం. ఆ వేదికకు ఒక నియమం ఉండేది. ఓడినవాడు లేచి నిలబడి, తాను ఎక్కడ తప్పాడో తన నోటితోనే, గొంతు తగ్గించకుండా చెప్పాలి. అప్పుడు మొదటి చప్పట్లు వాడికే. గెలిచినవాడికి తర్వాత. నాకు ఆ నియమం ఎంతో గొప్పగా అనిపించేది. ఇతరుల విషయంలో.

అలాంటి నేను 2010 తర్వాత కొన్నేళ్ళకు కంప్యూటర్ డిప్లొమా కోసం క్రైస్ట్‌చర్చ్ చేరాను. చదువు అయింది, కంప్యూటర్ ఉద్యోగం రాలేదు. భూకంపం తర్వాత ఊరంతా తవ్వుకుని మళ్ళీ కట్టుకుంటున్న రోజులవి. తవ్విన ప్రతి రోడ్డుకూ రెండు చివర్లా బోర్డు పట్టుకునే మనిషి కావాలి. ఒకవైపు ‘ఆగు’, తిప్పితే ‘నెమ్మదిగా పో’. వేదికల మీద సమాజాన్ని మేలుకొలిపినవాడు ఆరెంజ్ జాకెట్ వేసుకుని లారీలను ఆపుతున్నాడన్న మాట. కాని ఒకటి చెప్పాలి, నా మాట అంతమంది అంత బుద్ధిగా విన్నది జీవితంలో అప్పుడే. ఆ ఊళ్ళోనే రిక్కార్టన్ అనే పేటలో ఒక తెనాలి అక్క వాళ్ళ ఇంటి వెనక గదిలో నేనూ, ‘వరంగల్’ అని మేం పిలుచుకునే ఇంకొక కుర్రాడూ అద్దెకుండేవాళ్ళం. వాడు సూపర్‌మార్కెట్‌లో సరుకులు సర్దేవాడు. అక్క భర్తను బావ అనేవాళ్ళం. ఆయన లారీ డ్రైవర్, వారంలో నాలుగు రోజులు కొండల అవతలే.

రోజంతా ఆకాశం కింద నిలబడే మనిషికి వాతావరణం మీద ప్రేమ పుట్టడం సహజం. పొద్దున్నే ప్రాంతీయ వాతావరణ సూచన చదవనిదే గది దాటేవాణ్ణి కాదు. అక్కడ అన్నీ తలకిందులు. ఉత్తరం వెచ్చన, దక్షిణం చలి. జూన్ వస్తే మనవాళ్ళకి మామిడిపండు గుర్తొస్తుంది, అక్కడ కారు అద్దం మీద మంచు గీకాలి. ఊరి తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో ఎవరో వర్షం గురించి ‘వరుణదేవుడి దయ’ అని రాశారు. అది చూసి నా ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచే వాతావరణ సూచనను తెలుగులో రాసి గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాను. దేవుళ్ళు లేని వర్షం, గ్రహాలు లేని చలి. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు నిజంగానే దాని కోసం చూసేవాళ్ళు. నా పేరు పోయి ‘బులెటిన్’ మిగిలింది. వరంగల్ మాత్రం దుప్పటి కప్పుకుని, “అన్నా, వాళ్ళు రాస్తే మామూలు చలి, నువ్వు రాస్తే సావు చలి,” అనేవాడు. వాడి మాటలో కొంత నిజముంది. వాతావరణ శాఖ రాసేది మరీ చప్పగా ఉండేది. ఆ గాలి ఇటు, ఈ గాలి అటు, మధ్యాహ్నానికి తగ్గుముఖం. జనం చదవాలి కదా. చప్పటి వాక్యాలు తీసేసి, కొరికే వాక్యాలు ఉంచేవాణ్ణి. దాన్ని సంపాదకత్వం అనుకునేవాణ్ణి.

ఆ ఏడు ఫిబ్రవరిలో అక్క కానుపు కోసం వాళ్ళమ్మగారు తెనాలి నుంచి వచ్చారు. అరవై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉండేవారు. మేం ఆంటీ అనేవాళ్ళం. వచ్చిన వారంలోనే ఆవిడకు తెలిసిపోయింది, తనకు తెలిసినవేవీ ఆ దేశంలో చెల్లవని. బిడ్డకు నలుగుపెడతానంటే నర్సు వద్దంది. సాంబ్రాణి వేస్తే ఇంట్లో పొగ అలారం మోగింది. చెత్తబుట్టలు మూడు రంగులు, ఏది ఎందులో వేసినా తప్పే. “అమ్మా, ఇక్కడ అలా కాదు,” అని అక్క రోజుకు పదిసార్లన్నా అనేది. కోపంగా కాదు, అలసటతో. ఆవిడ ‘సరేనమ్మా’ అని పక్కకు తప్పుకునేవారు. జూన్ వచ్చేసరికి వంట, బిడ్డ బట్టలు ఉతికి ఆరెయ్యడం, ఈ రెండే ఆవిడకు మిగిలాయి. ఇంతకాలం ఇల్లు నడిపిన మనిషి, సొంత కూతురి ఇంట్లో ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టేవారు. నేనది చూశాను. చూసి, సమాజంలో స్త్రీల స్థానం గురించి గ్రూపులో ఒక పేజీ రాశాను. ఆవిడతో మాత్రం ఒక మాట మాట్లాడలేదు.

పైగా నాకు ఆవిడతో ఒక తగాదా ఉంది. వంటింటి గోడకు ఆవిడ తెనాలి నుంచి తెచ్చిన క్యాలెండర్ తగిలించారు. ఒక బట్టల కొట్టువాళ్ళది. ప్రతి తేదీ గడిలోనూ తిథి, వర్జ్యం, రాహుకాలం. నేను ఊరుకుంటానా? దక్షిణార్ధగోళంలో తెనాలి రాహుకాలం ఎలా చెల్లుతుంది, ఇక్కడి టైమా అక్కడి టైమా అని ఆవిణ్ణి పట్టుకుని అరగంట దంచాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ అంతా విని, “టీ పెట్టమంటావా?” అన్నారు. రోజూ సాయంత్రం ఆవిడ పెన్సిల్‌తో ఆ గడుల్లో ఏదో రాయడం కూడా చూశాను. ఏకాదశో, సంకష్టహర చతుర్థో అయి ఉంటుందనుకున్నాను. దగ్గరికెళ్ళి చదవలేదు. అంధవిశ్వాసాన్ని దూరం నుంచే గుర్తుపట్టగలనన్న ధీమా నాది.

జూన్ చివర్లో ఒక ఆదివారం తెలుగువాళ్ళందరం ఒక హాలు అద్దెకు తీసుకుని కలిసి భోజనం చెయ్యాలని అనుకున్నాం. ఇంటికొక వంటకం. మన ఇంటి నుంచి వడియాలు అన్నారు ఆంటీ. మే, జూన్ వచ్చాయంటే ఆవిడ చేతులు ఊరుకోవు, ఎన్నో ఏళ్ళ అలవాటు. మొదట గుమ్మడి వడియాలనుకున్నారు. కొట్లో పైన బూడిదరంగు తొక్కతో ఉన్న కాయ చూసి మురిసిపోయి మోయించుకొచ్చారు. (మోసినవాణ్ణి నేనే.) ఇంటికొచ్చి కోస్తే లోపల నిగనిగలాడే కాషాయం. అది బూడిద గుమ్మడి కాదు, ఆ దేశపు మామూలు గుమ్మడి. పైకి విభూతి, లోపల కాషాయం, చూడగానే నాకు కొందరు స్వాములు గుర్తొచ్చారని నేనొక ఉపన్యాసం అందుకున్నాను. ఆవిడ దాన్ని ముక్కలు కోసి పులుసు పెట్టేశారు. “అయితే బియ్యప్పిండి వడియాలు పెడతాలే,” అన్నారు.

ఆ బుధవారం వచ్చిన వాతావరణ సూచన నాకు పండగ. శనివారం సాయంత్రం నుంచి దక్షిణపు గాలి, ఎముకలు కొరికే చలి, ఆదివారం పల్లపు ప్రాంతాల్లో కూడా తేలికపాటి మంచు. బులెటిన్‌లో చలికి ఎన్ని విశేషణాలున్నాయో అన్నీ వాడేశాను. వంటింట్లో నిలబడి అందరికీ చదివి వినిపించాను కూడా. అక్క నిట్టూర్చి, “విన్నావుగా అమ్మా. ఇది వడియాల దేశం కాదు. కొట్లో అప్పడాలు కొనుక్కెళ్దాం,” అంది. ఆంటీ నావైపు తిరిగి, మరి శుక్రవారం సంగతి ఏం రాశారని అడిగారు. మంచు పడబోతుంటే శుక్రవారం సంగతెందుకు ఆంటీ అన్నాను. ఆవిడ కిటికీలోంచి పడమటివైపు చూసి, “ఎల్లుండికి గాలి మారుద్ది. శుక్రవారం పెడితే శనివారానికి ఆరతాయి,” అన్నారు.

ఇంకేముంది, నేను ఛాతీ విరిచాను. “ఆధారం ఏదాంటీ?”

“ఆరితే ఆధారం కాదా?”

ఇప్పుడాలోచిస్తే ప్రయోగానికి అంతకన్నా సూటి నిర్వచనం నేనెక్కడా చదవలేదు. అప్పుడు మాత్రం నవ్వాను. నవ్వి, గ్రూపులో బహిరంగ సవాలు పెట్టాను. హీటర్, ఓవెన్, ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపు ఏవీ వాడకుండా ఆరుబయట వడియాలు ఆరితే, ఆదివారం హాల్లో లేచి నిలబడి నా ఓటమి నేనే చెప్పుకుంటాను. ఆరకపోతే ఆంటీ ఆ క్యాలెండర్ గోడ మీంచి తీసెయ్యాలి. వరంగల్‌కు ఇది నచ్చలేదు. పెద్దామెతోని పందెమేంది అన్నా, సిగ్గుండాలె అన్నాడు. ఆంటీ మాత్రం క్యాలెండర్‌వైపు ఒకసారి చూసి, ‘సరే’ అన్నారు. ఆ ‘సరే’ రోజూ కూతురితో అనే ‘సరే’లా లేదు. అక్కకు కూడా అది వినిపించినట్టుంది, బిడ్డను భుజాన వేసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో తన మాట ఒక్కటైనా నిలబడుతుందా లేదా, ఆవిడకు పందెం అది. నాకు తెలియలేదు. నాకు గోడ మీద క్యాలెండరే కనిపిస్తోంది.

గురువారం సాయంత్రం ఆవిడ పెరట్లో నిలబడి, రెండిళ్ళ మధ్య సందులోంచి కనిపించే మంచుకొండల మీద మబ్బు చూపించారు. కొండలకు పైగా పొడుగ్గా, వంపుగా, కిందంతా తేటగా. గొడుగు పట్టినట్టుంది చూడమన్నారు. మబ్బుల్లో మనిషికి కావలసిన ఆకారాలే కనిపిస్తాయని నేను చెప్పాను.

శుక్రవారం తెల్లవారకముందే పిండి ఉడికింది. జీలకర్ర, పచ్చిమిర్చి నూరిన వాసన మా వెనక గది దాకా వచ్చింది. బావ, పుట్టబోయే బిడ్డ కోసమని ముందే, పిల్లలు ఎక్కి ఎగిరే పెద్ద ట్రాంపొలీన్ ఒకటి కొని పెరట్లో బిగించాడు. (ఆ బిడ్డ ఎగరడానికి ఇంకా నాలుగేళ్ళు పడుతుందన్న ఆధారాన్ని ఆయన పట్టించుకోలేదు.) దానికి అడుగునుంచి కూడా గాలి ఆడుతుందని కనిపెట్టింది ఆంటీయే. దాని మీద రెండు పాత నూలు చీరలూ బావ పంచె ఒకటీ పరిచి, అంచులకు బట్టల క్లిప్పులు పెట్టి, గరిటతో వరసలు వరసలుగా వడియాలు పెట్టారు. పదిన్నరకు రాహుకాలం, ఆలోపు అయిపోవాలన్నారు. నాకు దొరికారనుకుని, ఏ దేశపు పదిన్నర ఆంటీ అన్నాను. “గాలికి ఆ గొడవ లేదులే. పదిన్నరకల్లా అవ్వాలనుకుంటే నా చేతులు చురుగ్గా కదుల్తాయి, అంతే,” అన్నారు, తల ఎత్తకుండా. కంచె అవతల నుంచి పక్కింటి తాత ఇదంతా చూసి, అది ఏదైనా కళారూపమా అని నన్ను మర్యాదగా అడిగాడు. తినేదని చెప్పాను. ఆయన వేలు తడి చేసి గాలిలో పెట్టి, “గుడ్ డ్రయింగ్ డే,” అన్నాడు. అక్కడివాళ్ళు బట్టలు బాగా ఆరే రోజును అలా అంటారు. పెద్దాయన మర్యాదకు అన్నాడనుకున్నాను. నేను నమ్మని సాక్షులు ఇప్పటికి ఇద్దరయ్యారు.

ఆ రోజు పన్లో బోర్డు పట్టుకుని నిలబడితే, కొండలవైపు నుంచి గాలి. చల్లగాలి కాదు. తెనాలి స్టేషన్లో చైత్రమాసపు మధ్యాహ్నం రైలు తలుపు దగ్గర కూచుంటే ముఖానికి తగిలే గాలి. పదకొండింటికి స్వెటర్ తీశాను. పన్నెండుకు జాకెట్ జిప్ తీశాను. మా మేస్త్రీ టీషర్టుతో తిరుగుతూ నార్‌వెస్టర్ మొదలైంది (వాయవ్యపు వేడిగాలికి అక్కడి పేరు), ఇక రెండు రోజులు ఇంతే అన్నాడు. మూడో సాక్షి. నేను ‘నెమ్మదిగా పో’ చూపించాల్సిన చోట ‘ఆగు’ చూపిస్తూ, ఇది మినహాయింపు, మినహాయింపుతో సూత్రం చెడదు అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండువైపులా కార్లు ఆగిపోయి హారన్లు మోగేదాకా చెప్పుకుంటూనే ఉన్నాను. సాయంత్రం ఇంటికి పరిగెత్తుకొచ్చి ఒక వడియం బొటనవేలితో నొక్కి చూశాను. పైన పొరకట్టింది, లోపల మెత్తన. ‘సగం పచ్చి’ అని గ్రూపులో ప్రకటించాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆంటీ చీరలు జాగ్రత్తగా పళ్ళాల మీదికి ఎత్తి, వేడి లేని గరాజులో పెట్టి, పొద్దున్నే మళ్ళీ ట్రాంపొలీన్ మీద పరిచారు.

శనివారం నాకు సెలవు. మధ్యాహ్నానికి గాలి తుఫానయింది. వీధిలో చెత్తబుట్టలు మూడు రంగులూ ఒకదాన్నొకటి తరుముతున్నాయి. బావ కొండల అవతల, వరంగల్ పన్లో, అక్క బిడ్డకు పాలిస్తూ ముందు గదిలో ఉంది. నేను వంటింటి కిటికీ దగ్గర టీ తాగుతున్నాను. ట్రాంపొలీన్ ఒక కాలు నేల మీంచి లేచి మళ్ళీ దిగింది. ఒక క్లిప్పు ఊడి గోడకు తగిలింది. ఇంకొకటి. చీర మూల లేచి పాము పడగలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆంటీ చెప్పులు కూడా లేకుండా పెరట్లోకి పరిగెత్తి ఆ మూల పట్టుకున్నారు. అవతలి మూల లేచింది. ఆవిడ చెయ్యి అక్కడిదాకా చాలదు.

ఆవిడ ఇంటివైపు చూశారు. కిటికీలో నేను కనిపించాను. ఆవిడ నన్ను పిలవలేదు.

ఆ క్షణం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. నేను చెయ్యాల్సిందేమీ లేదు. కప్పులో టీ అయ్యేదాకా కూచుంటే చాలు, వాదం గాలికి కొట్టుకుపోతుంది, గెలుపు నాది. బస్సెక్కి వెళ్ళిపోయినవాళ్ళ మీద, అన్నానికి లేచిపోయినవాళ్ళ మీద ఎలా గెలిచానో అలాగే. నాకు మా ఊరి గ్రంథాలయం హాలు గుర్తొచ్చింది, మాస్టారు గుర్తొచ్చారు, అదంతా తర్వాత కల్పించుకుని చెప్తున్నానేమో కూడా. నిజానికి గుర్తున్నది ఒకటే. ఆవిడ కాళ్ళకు చెప్పుల్లేవు. టీ ఎక్కడ పెట్టానో తెలీదు, పరిగెత్తాను. అవతలి మూల పట్టుకున్నాను. ట్రాంపొలీన్ మళ్ళీ లేవబోతే దాని ఇనపచట్రం మీద బోర్లా పడి, రెండు చేతులతో రెండు చీరల మూలలు పట్టుకుని, కాళ్ళతో చట్రాన్ని మెలిపెట్టాను. ఆంటీ నన్ను వింతగా చూశారు.

“నువ్వెందుకయ్యా వచ్చావు? నీ పందెం పోద్ది.”

“ఎగిరిపోతే ఆరాయో లేదో ఎట్లా తెలుస్తుందాంటీ?”

ఆవిడ ఒక్క క్షణం నన్నే చూశారు. “అయితే గట్టిగా పట్టుకో. వడియాల మీద బరువెయ్యకు, విరుగుతాయి.”

గంటన్నర అలాగే ఉన్నాను. పక్కింటి తాత కంచె మీంచి ఒక్కొక్క ఇటుకా అందిస్తే ఆంటీ ట్రాంపొలీన్ కాళ్ళ మీద పేర్చారు. పన్లోంచి వచ్చిన వరంగల్ గేటు దగ్గరే ఆగిపోయి, “ఆంటీ, ఈయనను గూడ ఎండబెడ్తున్నరా?” అని, సాయం చెయ్యడానికి ముందు ఫోటో తీశాడు. ఆ ఫోటో అయిదు నిమిషాల్లో గ్రూపులోకి వెళ్ళింది. ‘బులెటిన్ ఆరుతున్నది’ అని కింద రాశాడు. నా బులెటిన్లు వేటినీ అంతమంది చదవలేదు.

మూడు గంటలు కావస్తుంటే గాలి ఉన్నట్టుండి మందగించింది. ఇంకా వెచ్చగానే ఉంది, ఇంకాసేపు ఉంచుదామని అన్నవాణ్ణి నేనే, చూడండి విచిత్రం. ఆంటీ దక్షిణం వైపు చూసి, ఇక చాలు, తియ్యాలి అన్నారు. చీరలు బోర్లించి, వెనక నీళ్ళు చిలకరించి ఒలుస్తుంటే ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. అంచున ఉన్న ఒకదాన్ని తీసి నా చేతిలో పెట్టారు. విరిచాను. టప్పుమంది. ఇలాంటి చిన్న చప్పుడుకు మనిషి ఇంత కుంగిపోగలడా అనుకున్నాను, అదే నిమిషంలో ఎందుకో నవ్వొచ్చింది. చివరి పళ్ళెం లోపల పెట్టి తలుపు వేశామో లేదో, దక్షిణపు గాలి వచ్చి పడింది. పది నిమిషాల్లో కిటికీ అద్దాలు చల్లబడ్డాయి. నా బులెటిన్ అక్షరాలా నిజమైంది. నా పందేనికి మాత్రం ఒక గంట ఆలస్యంగా.

మీకెలా తెలుసాంటీ అని అప్పుడు అడిగాను, మొదటిసారి, నిజంగా తెలుసుకోవాలని. ఆవిడ క్యాలెండర్‌వైపు చూపించారు. దగ్గరికెళ్ళాను. తిథుల కింద, రాహుకాలం పక్కన, సన్నటి పెన్సిల్ రాతలు. ‘ఆరాయి.’ ‘ఆరలేదు.’ ‘సగం.’ ‘కొండల మీద గొడుగు మబ్బు. తెల్లారి వేడిగాలి. రెండు గంటల్లో ఆరాయి.’ ‘వేడిగాలి ఆగింది. వెంటనే చలి, వాన. తడిసినై.’ పాత నెలల కాగితాలు తిప్పి చూస్తే, ఫిబ్రవరి నుంచి ప్రతిరోజూ. బిడ్డ బట్టలు ఆరెయ్యాలి, ఎవరినన్నా అడిగితే ‘ఇక్కడ అలా కాదు’ అంటారు. అందుకని ఎవరినీ అడగకుండా, నాలుగు నెలలు రోజూ ఆకాశం చూసి, ఫలితం రాసుకుని, తెనాలి గాలిని మర్చిపోయి ఈ ఊరి గాలిని నేర్చుకున్నారు ఆవిడ. ఆ ఇంట్లో పరిశీలన, నమోదు, పరీక్ష, మూడూ చేసిన హేతువాది ఒకరే ఉన్నారు. ఆ క్యాలెండర్‌ను గోడ మీంచి పీకేయించాలని నేను పందెం కట్టాను.

తర్వాత ఫోన్ తీసి బుధవారం నాటి సూచన మొత్తం మళ్ళీ చదివాను. మొదటి వాక్యంలోనే ఉంది, చలి రాకముందు శుక్ర, శనివారాల్లో బలమైన, పొడి, వెచ్చని వాయవ్యపు గాలి అని. చప్పగా ఉందని నేను తీసేసిన వాక్యం అది. జ్యోతిష్కులు తమకు పనికొచ్చే గ్రహాలనే ఏరుకుంటారని నేను ఊరూరా చెప్పినవాణ్ణి. నేను చలిని ఏరుకున్నాను.

ఆదివారం పొద్దున తేలికపాటి మంచు పడింది. కార్ల మీద పిండి జల్లెడ పట్టినట్టు, అంతే. హాల్లో వడియాలు నూనెలో వేస్తుంటే పొంగే చప్పుడుకే పిల్లలు వరస కట్టారు. భోజనాలకు ముందు నేను లేచి నిలబడ్డాను. వదిలేసిన వాక్యం సంగతి చెప్పాను. క్యాలెండర్ సంగతి చెప్పాను. “నేను చదివి తెలుసుకున్నదాంట్లో సగం దాచాను. ఆంటీ చూసి తెలుసుకున్నదాంట్లో ఏదీ దాచలేదు. తప్పు నాది,” అన్నాను, గొంతు తగ్గించకుండా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాళ్ళకు మా వేదిక నియమం తెలీదు కదా. అందరూ ఆంటీని చూస్తున్నారు. ఆవిడ మాత్రం రెండు చేతులూ ఎత్తి, నాకు, మెల్లగా, నాలుగుసార్లు చప్పట్లు కొట్టారు. నియమం ఆవిడకూ తెలీదు. తిరిగొచ్చేటప్పుడు కారులో అక్క వెనక్కి తిరిగి, “అమ్మా, రేపు బట్టలు ఆరతాయంటావా?” అని అడిగింది. ఆంటీ కిటికీలోంచి ఆకాశాన్ని కొంచెం ఎక్కువసేపే చూసి, “మధ్యాహ్నం దాకా ఆగు,” అన్నారు.

ఆ రోజు నుంచి బులెటిన్‌లో ఏ వాక్యమూ తీసెయ్యలేదు, చివర ‘ఆంటీ మాట’ అని ఒక వరస చేర్చాను. జనం ముందు అదే చదివేవాళ్ళు. మాస్టారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన విని, “ఆరాయనడానికి ఆధారం ఏది?” అన్నారు. ఆగస్టులో ఆంటీ ఇండియా వెళ్ళేటప్పుడు ఒక పొట్లం పట్టుకెళ్ళి ఆయనకు పోస్టు చేశారు. పది రోజులకు ఆయన దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చింది, ఆధారం కరకరలాడిందని.

ఇప్పుడు నేను వెల్లింగ్టన్‌లో కంప్యూటర్ ముందు కూచుని పనిచేస్తున్నాను. గాలికి పేరుపడ్డ ఊరు, రోడ్డు మీద మాత్రం నన్నెవరూ నిలబెట్టరు. వ్యాసాలు రాస్తున్నాను, వాదాలు చేస్తున్నాను, రెండు మూడుసార్లు మళ్ళీ ఓడాను కూడా, ఈ మధ్య అలవాటైంది. మా వంటింటి గోడకు ఒక పాత జూన్ నెల కాగితం వేలాడుతూ ఉంటుంది. ఆంటీ వెళ్ళేటప్పుడు క్యాలెండర్‌లోంచి చింపి నా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చిన స్నేహితులు, నీ గోడ మీద రాహుకాలమేమిటని వెక్కిరిస్తారు. రాహుకాలంతో నా తగాదా తీరలేదని, అది వేరే గొడవని చెప్తాను. వాళ్ళను దగ్గరికి వచ్చి ఆఖరి శనివారం గడిలో సన్నటి పెన్సిల్ రాత చదవమంటాను. మూడే ముక్కలున్నాయి అందులో. ‘పెద్దగాలి. వడియాలు ఆరాయి. అబ్బాయి చెయ్యి వదల్లేదు.’